క్లినిక్ పనికి ఆర్కిటెక్ట్‌నీ, కాంట్రాక్టర్‌నీ ఆన్‌లైన్ డైరెక్టరీలో వెతికాం: మా అనుభవం

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి ఎందుకు తగ్గిందో మధ్యలో వస్తుంది, ముందు అసలు సంగతి.

నేను కాలిఫోర్నియాలో ఫిజికల్ థెరపిస్ట్‌ని. పదేళ్ళు వేరేవాళ్ళ దగ్గర పనిచేసి, ఇంకో స్నేహితురాలితో కలిసి సొంత క్లినిక్ పెట్టుకుందామని ఒక స్ట్రిప్ మాల్‌లో 1,800 చదరపు అడుగుల జాగా లీజుకి తీసుకున్నాను. అంతకుముందు అందులో సెల్‌ఫోన్ల షాపు ఉండేది. ఒకటే పెద్ద హాలు, వెనకాల ఇరుకు బాత్రూమ్, పైన పాత ఏసీ. దాన్ని క్లినిక్ చెయ్యాలంటే డ్రాయింగ్స్ గీయించాలి, సిటీలో పర్మిట్ తెచ్చుకోవాలి, గోడలు లేపాలి, రెండు సింకులు పెట్టాలి, వీల్‌చెయిర్ తిరిగేంత బాత్రూమ్ కట్టాలి. ఇందులో ఒక్కటీ మాకు తెలిసిన పని కాదు. పని అయినా కాకపోయినా నాలుగో నెల నుంచి అద్దె మాత్రం మొదలవుతుంది.

మొదట మనందరం చేసేదే చేశాం, వాట్సాప్ గ్రూపులో అడిగాం. పది నిమిషాల్లో పన్నెండు మంది జవాబిచ్చారు కానీ వాళ్ళు చెప్పిన పేర్లు మాత్రం మూడే. ఆ ముగ్గురూ మన చుట్టుపక్కల ఇళ్ళ కిచెన్లు, బాత్రూమ్‌లు చేసినవాళ్ళు. అందులో ఒకాయన జాగా చూడకుండానే ఫోన్లో ఒక అంకె చెప్పాడు, అడ్వాన్స్ తీసుకున్నాడు, తర్వాత నెలన్నర "ఈ వారం వస్తానండీ" అంటూ గడిపేశాడు. చివరికి సగం డబ్బు వెనక్కి వచ్చింది, మిగతా సగం "డ్రాయింగ్స్ ఖర్చు" అన్నాడు, ఆ డ్రాయింగ్స్ నేను చూడలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను, నా బాధ ఆయన మీద కాదు కూడా. మేం వెతికిన చోటే చాలా చిన్నది. ఒకరికి తెలిసినవాళ్ళే అందరికీ తెలుసు, ఆ వలయం బయట మంచి పనివాళ్ళు ఎంతమంది ఉన్నా మన చెవిన పడరు.

డైరెక్టరీ సంగతి చెప్పింది మా పేషెంట్ ఒకాయన. రోడ్ల కాంట్రాక్టులు చూసే ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యారు, మోకాలి ఆపరేషన్ తర్వాత నా దగ్గరికి వచ్చేవారు. కాలు చాపి ముడుస్తూ, నా కష్టం విని, "మీరు చెప్పేవాళ్ళని అడుగుతున్నారు, లిస్టు చూడటం లేదు" అన్నారు. ఏ లిస్టు అంటే, స్త్రీలు, ఆఫ్రికన్ అమెరికన్లు, లాటినోలు, ఆసియావాళ్ళు, మాజీ సైనికులు సొంతంగా నడుపుకునే డిజైన్, కన్‌స్ట్రక్షన్ కంపెనీలన్నీ ఒక్కచోట దొరికే ఆన్‌లైన్ డైరెక్టరీలు ఉంటాయని, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చని చెప్పారు. ఇవి ప్రభుత్వ పనుల కోసమే అనుకున్నాను నేను. కాదు, తలుపు తెరిచే ఉంది, మామూలు జనం ఎవరూ వెళ్ళరంతే.

ఇందులో ఉండాలంటే కంపెనీలో కనీసం 51 శాతం వాటా ఆ యజమానిదే అయి ఉండాలి, రోజువారీ నిర్ణయాలు కూడా వాళ్ళే తీసుకోవాలి. భార్య పేరు మీద కాగితాలు పెట్టి భర్త నడిపితే కుదరదు, వచ్చి విచారణ చేస్తారు. ఈ సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళు చాలామంది. మైనారిటీ కంపెనీలకి 1972 నుంచి ఉన్న నేషనల్ మైనారిటీ సప్లయర్ డెవలప్‌మెంట్ కౌన్సిల్, మహిళల కంపెనీలకి 1997లో మొదలైన విమెన్స్ బిజినెస్ ఎంటర్‌ప్రైజ్ నేషనల్ కౌన్సిల్, మాజీ సైనికులకి ఫెడరల్ ప్రభుత్వపు స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. రోడ్లు, రైళ్ళు, ఎయిర్‌పోర్టుల పనులకి డీబీఈ (డిసడ్వాంటేజ్డ్ బిజినెస్ ఎంటర్‌ప్రైజ్, అంటే సామాజికంగా, ఆర్థికంగా వెనకబడినవాళ్ళ చిన్న కంపెనీలకి ఇచ్చేది) అని ఇంకోటి, అది 1980లో మొదలైంది, 1983లో చట్టంలోకి ఎక్కింది, మహిళల్ని 1987లో కలిపారు. డీబీఈ కంపెనీల డైరెక్టరీ ఒకటి ప్రతి రాష్ట్రమూ ఆన్‌లైన్‌లో పెట్టి తీరాలి. కాలిఫోర్నియాలో దీనికి తోడు కరెంటు, గ్యాస్, ఫోన్ కంపెనీలు ఎవరి దగ్గర కొంటున్నాయో చూసేందుకు పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ 1988లో జనరల్ ఆర్డర్ 156 అని ఒకటి తెచ్చింది, దాని కింద కూడా అందరూ వెతుక్కునే డేటాబేస్ ఒకటి నడుస్తోంది.

ఒక విషయం ముందే స్పష్టంగా రాస్తాను, లేకపోతే కామెంట్లలో గొడవ అవుతుంది. యజమాని ఎవరో చూసి పని ఇవ్వలేదు మేం. కాలిఫోర్నియాలో ప్రభుత్వం అలా చెయ్యకూడదని 1996లో ప్రొపొజిషన్ 209 వచ్చింది, మనబోటి ప్రైవేటువాళ్ళు కూడా జాతిని చూసి కాంట్రాక్ట్ ఇస్తే అది ఇంకో చిక్కు. డైరెక్టరీని మేం వాడింది మా లిస్టు పెద్దది చేసుకోవడానికి. పని ఇచ్చేటప్పుడు పనే చూశాం.

ఇక వెతకడం. మొదటి రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని, సెర్చ్ పెట్టెలో "క్లినిక్ రిమోడల్" అని కొట్టాను. సున్నా. "మెడికల్ ఆఫీస్ కన్‌స్ట్రక్షన్" అన్నాను, రెండు వచ్చాయి, రెండూ నాలుగు వందల మైళ్ళ దూరంలో. విసుగొచ్చి మూసేశాను. మర్నాడు ఆ పేషెంట్ గారిని అడిగితే నవ్వి, "మాటలతో వెతక్కండి, అంకెలతో వెతకండి" అన్నారు. ప్రతి రకం వ్యాపారానికీ ఇక్కడ ఆరంకెల కోడ్ ఒకటి ఉంటుంది, కంపెనీలు రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆ కోడ్‌లే ఎంచుకుంటాయి, వివరణ రాసే చోట చాలామంది ఏమీ రాయరు. అందుకే మాటలకి దొరకవు.

నేను వాడిన కోడ్‌లు ఇస్తున్నాను, మీకు నా మొదటి రాత్రి కష్టం తప్పుతుంది. ఆర్కిటెక్ట్‌లకి 541310, ఇంజనీర్లకి 541330, ఇంటీరియర్ డిజైన్‌కి 541410. ఆఫీసులు, క్లినిక్‌లు, స్కూళ్ళలాంటి బిల్డింగులు చేసే కాంట్రాక్టర్లకి 236220. కరెంటు పనికి 238210, ప్లంబింగూ ఏసీకి 238220, డ్రైవాల్‌కి 238310. 236220 కొట్టి, కౌంటీ ఎంచుకుంటే ఒక్కసారిగా అరవై పైగా కంపెనీలు వచ్చాయి. ఆ స్క్రీన్ చూసి నాకు కాసేపు మాట రాలేదు. పదేళ్ళుగా ఇదే ఊళ్ళో ఉంటున్నాను, అందులో ఒక్క పేరూ వినలేదు.

అరవైలోంచి ఎలా తగ్గించాం అన్నది అసలు పని. కౌంటీ ఫిల్టర్‌లో రెండు రకాలుంటాయి, ఆఫీసు ఎక్కడ ఉంది అన్నది ఒకటి, ఎక్కడెక్కడ పని చేస్తారు అన్నది ఇంకోటి. రెండోదాన్ని నమ్మితే రాష్ట్రం మొత్తం వచ్చేస్తుంది, ఎందుకంటే "రాష్ట్రమంతా" అని టిక్ పెట్టడానికి ఎవరికీ ఖర్చు లేదు. ఆఫీసు ఉన్న చోటునే పట్టుకోండి. తర్వాత ఒక్కో కంపెనీ ఎన్ని కోడ్‌లు పెట్టుకుందో చూశాను. రెండు మూడు కోడ్‌లున్నవాళ్ళు తమ పనేమిటో తెలిసినవాళ్ళు. ఒక కంపెనీకి ఇరవై రెండు కోడ్‌లున్నాయి, కాంక్రీట్ నుంచి కంప్యూటర్ల దాకా. ఫోన్ చేస్తే, మేం తీసుకుని వేరేవాళ్ళ చేత చేయిస్తాం, మధ్యలో మా వాటా మాకుంటుంది అని ఆయనే చెప్పాడు. లైసెన్స్ నంబర్ అడిగితే లేదు. డైరెక్టరీలో మాత్రం మిగతావాళ్ళతో సమానంగా, అదే సైజు అక్షరాల్లో ఉంది ఆ పేరు.

అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను. డైరెక్టరీలో సర్టిఫికెట్ ఉందంటే ఆ కంపెనీ యజమాని ఎవరన్నది ఎవరో ఒకరు తనిఖీ చేశారని అర్థం, అంతే. గోడ నిటారుగా కడతారా, చెప్పిన రోజున వస్తారా అన్నది ఆ సర్టిఫికెట్ పరిధిలో లేదు. ఈ తేడా తెలియక చాలామంది ఆ ముద్ర చూసి ప్రభుత్వమే పూచీ పడినట్టు అనుకుంటారు. డైరెక్టరీ పక్కనే ఇంకో ట్యాబ్ తెరిచి పెట్టుకోండి. కాంట్రాక్టర్ అయితే కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు సైట్, ఆర్కిటెక్ట్ అయితే ఆర్కిటెక్ట్స్ బోర్డు. కాంట్రాక్టర్ల బోర్డులో నంబర్ కొడితే లైసెన్స్ నడుస్తోందా, ఏ తరగతి, బాండ్ ఉందా, పనివాళ్ళకి వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ ఉందా, ఫిర్యాదుల మీద చర్యలేమైనా ఉన్నాయా, అన్నీ కనిపిస్తాయి. మొత్తం పని పట్టుకునేవాళ్ళది బి తరగతి, కరెంటుకి సి-10, ప్లంబింగ్‌కి సి-36, ఏసీకి సి-20. ఏసీవాళ్ళు ఒక్కరే ఉన్నా, పనివాళ్ళెవరూ లేకపోయినా ఆ ఇన్సూరెన్స్ ఉండి తీరాలని 2023 నుంచి రూలు. బాండ్ అందరికీ 25,000 డాలర్లు, అదీ 2023 నుంచే. బాండ్ అంటే ఇన్సూరెన్స్ కాదు, పని పాడైతే అందులోంచి వచ్చేది తక్కువ, ఒకే బాండ్ మీద చాలామంది చెయ్యి చాపొచ్చు, కాబట్టి లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం విడిగా అడగండి.

ఇలా వడపోస్తే ఆర్కిటెక్ట్‌లు ఆరుగురు, కాంట్రాక్టర్లు ఎనిమిది మంది మిగిలారు. పద్నాలుగు మందికీ ఒకటే ఈమెయిల్ పంపాను. జాగా కొలత, ఫొటోలు, ఎప్పటికి కావాలి, మా బడ్జెట్ సుమారుగా ఎంత, అన్నీ అందులోనే రాశాను. ఐదు ఈమెయిల్స్ వెనక్కి కొట్టేశాయి. నలుగురు జవాబే ఇవ్వలేదు. నేను ఒక స్టార్ తగ్గించింది ఇక్కడే. సర్టిఫికెట్ గడువు తేదీ చక్కగా రాస్తారు కానీ ఆ ఫోన్ మోగుతుందా లేదా అన్నది ఎవరూ చూడరు. చేసిన పనుల ఫొటోలు పెట్టే చోటు లేదు, పని చేయించుకున్నవాళ్ళు నాలుగు మాటలు రాసే చోటు లేదు. ఒకే కంపెనీ రెండు పేర్లతో రెండుసార్లు వచ్చింది. రెండున్నర గంటల పని ఒక పాత ఫోన్ నంబర్ వల్ల వృథా అయితే ఎంత ఉసూరుమనిపిస్తుందో చెప్పలేను.

అయినా నాలుగు ఎందుకు ఇచ్చానంటే, జవాబిచ్చిన ఐదుగురిలో ఆవిడ ఉంది కాబట్టి.

మెక్సికన్ కుటుంబం నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్. ఆవిడా, ఇంకో డ్రాఫ్టరూ, అంతే ఆఫీసు. లిస్టింగులో ఫోన్ నంబర్ పాతదే, ఈమెయిల్ పని చేసింది కాబట్టి దొరికింది. ఫోన్లో అంకె చెప్పలేదు, "ముందు జాగా చూస్తాను" అంది. వచ్చిన రోజు లోపలికి రాలేదు. కారు దిగి బ్యాగులోంచి చిన్న డిజిటల్ లెవెల్ తీసి, వికలాంగుల పార్కింగ్ గడిలో తారు మీద పెట్టింది, ఒక మూల, ఇంకో మూల, మధ్యలో. స్క్రీన్ నాకు చూపించింది, 3.4 శాతం. "ఏ వైపుకీ 1:48 కన్నా వాలు ఉండకూడదు, అంటే రెండు శాతం పైన కొద్దిగా" అంది. నేను రోజూ ఆ పక్కనే కారు పెట్టేదాన్ని, నాకు అది చదునుగానే కనిపించేది. ఆ వాలులో వీల్‌చెయిర్ కారు పక్కన ఆపుకుని దిగే మనిషికి బండి జారుతుంది. పదేళ్ళుగా వీల్‌చెయిర్ పేషెంట్లతో పనిచేస్తున్న నాకు ఈ సంగతి ఎందుకు తట్టలేదా అని నిజంగా సిగ్గేసింది.

తర్వాత లీజు అడిగింది. చదవడానికి కాదు, ఒక్క పేరా కోసం. కాలిఫోర్నియాలో కమర్షియల్ లీజుల్లో, ఆ జాగాని సర్టిఫైడ్ యాక్సెస్ స్పెషలిస్ట్ (వికలాంగులకి వీలుగా ఉందో లేదో చూసే నిపుణులు) తనిఖీ చేశారా లేదా అన్నది రాయాలి. మా దాంట్లో చెయ్యలేదని ఉంది. వికలాంగులకి వీలుగా ఉంచే బాధ్యత చట్టం ప్రకారం ఓనర్‌దీ, అద్దెకున్నవాళ్ళదీ ఇద్దరిదీ, ఖర్చు ఎవరిదన్నది మాత్రం లీజులో తేల్చుకోవచ్చట. మా లీజులో పార్కింగ్ లాట్ ఓనర్ పద్దు కింద ఉంది. ఆవిడ కొలతలతో ఒక పేజీ ఉత్తరం తయారుచేసి ఇచ్చింది, మేం ఓనర్‌కి పంపాం, మూడు వారాలు బేరాలు నడిచాక పార్కింగ్ గడి ఆయనే తవ్వించి సరిచేయించాడు. అది మా మీద పడి ఉంటే ఏసీ మార్చే డబ్బు అందులోకే పోయేది.

లోపల కూడా అంతే శ్రద్ధ. తలుపు తెరిచాక దారి 32 అంగుళాలు ఖాళీగా ఉండాలి, బాత్రూమ్‌లో వీల్‌చెయిర్ గుండ్రంగా తిరగడానికి 60 అంగుళాలు కావాలి, రిసెప్షన్ కౌంటర్లో ఒక భాగం 34 అంగుళాలకి మించకూడదు. ఇవి పుస్తకం తెరిస్తే ఎవరైనా చెప్తారు. ఆవిడ నేల మీద నీలం టేపుతో 60 అంగుళాల వృత్తం అతికించి, నన్ను మా క్లినిక్ వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి తిప్పమంది. తిప్పాను, మడమ గోడకి తగిలింది. రూలు ప్రకారం సరిపోతుంది కానీ ఆపరేషన్ అయిన కాలు చాపుకుని కూర్చునే మనిషికి సరిపోదు. గోడ ఇంకో తొమ్మిది అంగుళాలు వెనక్కి జరిపింది డ్రాయింగ్‌లో. ఆ తొమ్మిది అంగుళాల కోసం నేను ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇంత పనితనం ఉన్న మనిషి పేరు నేను పదేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు వినలేదని తర్వాత చాలా రోజులు ఆలోచించాను. లాస్ ఏంజెల్స్‌లో పాల్ విలియమ్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ ఆర్కిటెక్ట్ ఉండేవారు, 1923లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌లో చేరిన మొదటి నల్లజాతి సభ్యుడు. తెల్లవాళ్ళు తన పక్కన కూర్చోడానికి ఇబ్బంది పడతారని, టేబుల్‌కి అటువైపు కూర్చున్న క్లయింట్‌కి నేరుగా కనిపించేలా తలకిందులుగా బొమ్మ గీయడం నేర్చుకున్నారు. ఆ సంస్థ ఇచ్చే గోల్డ్ మెడల్ ఆయనకి 2017లో వచ్చింది, చనిపోయాక. 1971లో డెట్రాయిట్‌లో అదే సంస్థ సమావేశానికి వచ్చిన పన్నెండు మంది నల్లజాతి ఆర్కిటెక్ట్‌లు కలిసి సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు, ఇప్పటి నేషనల్ ఆర్గనైజేషన్ ఆఫ్ మైనారిటీ ఆర్కిటెక్ట్స్ అదే. 1991లో ఇద్దరు ప్రొఫెసర్లు లైసెన్స్ ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ ఆర్కిటెక్ట్‌లందరి పేర్లతో డైరెక్టరీ మొదలుపెట్టారు. ఈనాటికీ లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్‌లలో వాళ్ళు రెండు శాతం దగ్గరే ఉన్నారు. పేర్లు ఒకచోట రాసి పెట్టడం ఎంత మామూలు పనిలా కనిపిస్తుందో, నాకు మాత్రం ఇప్పుడు అలా అనిపించదు. పని ఎప్పుడూ తెలిసినవాళ్ళకే వెళ్తుంది, మా వాట్సాప్ గ్రూపులో జరిగిందీ అదే, మనకి తెలియనివాళ్ళు మనకి కనపడేది ఇలాంటి లిస్టులోనే.

కాంట్రాక్టర్ కూడా అక్కడే దొరికాడు. మాజీ నేవీ మనిషి, అన్నదమ్ములిద్దరూ కలిసి నడుపుతున్నారు. ముగ్గురి దగ్గర బిడ్స్ తీసుకున్నాం, ఇతనిది రెండోది, అన్నిటికన్నా తక్కువ కాదు. కానీ ఆరు పేజీల్లో ఏ గోడకి ఎంత, ఏ తలుపుకి ఎంత, సిటీ ఫీజు ఎంత, ఏవి ఇందులో లేవు, అన్నీ విడివిడిగా రాశాడు. తక్కువ బిడ్ ఒకటే పేజీ, కింద ఒక మొత్తం. ఏవి లేవో రాసిన బిడ్‌ని నమ్మండి, తర్వాత చేంజ్ ఆర్డర్లు అనే పేరుతో వచ్చే అదనపు బిల్లులు అక్కడే తగ్గుతాయి. ఇతని సర్టిఫికెట్ సంగతి ఒకటి చెప్పాడు. మాజీ సైనికుల కంపెనీల సర్టిఫికేషన్ 2023 జనవరిలో వెటరన్స్ అఫైర్స్ నుంచి స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌కి మారింది, కొన్ని డైరెక్టరీల్లో ఇతను ఉంటాడు, కొన్నిట్లో ఉండడు, ఒకరి కాగితం ఇంకొకరికి చాలాచోట్ల చెల్లదు, అక్కడ మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి ఒక్క డైరెక్టరీలో దొరక్కపోతే ఆ కంపెనీ లేదని కాదు, రెండు మూడు చూడండి.

పని మొదలైన మూడో వారం డ్రైవాల్ సబ్ కాంట్రాక్టర్ నుంచి సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక నోటీసు వచ్చింది, లీన్ అనే మాట అందులో పెద్దగా ఉంది. నాకు చేతులు వణికాయి, కేసు వేశారనుకున్నాను. మా పార్ట్‌నర్‌కి ఫోన్ చేసి దాదాపు ఏడ్చేశాను. కాంట్రాక్టర్ శాంతంగా చెప్పాడు. ఇది ప్రిలిమినరీ నోటీసు, పని మొదలుపెట్టిన 20 రోజుల్లో పంపితేనే, డబ్బు రాకపోతే ఆ ఆస్తి మీద పట్టు పెట్టే హక్కు (అదే లీన్) వాళ్ళకి పూర్తిగా నిలుస్తుంది, అందరూ పంపుతారు, ఇది గొడవ కాదు. మనం చెయ్యవలసిందల్లా, డబ్బు కట్టిన ప్రతిసారీ కాంట్రాక్టర్ దగ్గరా, ఆ సబ్ దగ్గరా ఆ హక్కు వదులుకున్నట్టు రాసిచ్చే వేవర్ కాగితం తీసుకోవడం. డబ్బు చేతికి రాకముందు ఇచ్చేది కండిషనల్, వచ్చాక ఇచ్చేది అన్‌కండిషనల్. ఆ ఫారాల మాటలు కూడా చట్టంలోనే ఉన్నాయి. మీకూ ఆ కవరు వస్తుంది, టెన్షన్ పడకండి.

ఇల్లు బాగు చేయించుకునేవాళ్ళకి ఈ డైరెక్టరీ అంతగా ఉపయోగపడదని కూడా చెప్పాలి. ఇళ్ళ రిమోడలింగ్ కోడ్ 236118, మా కౌంటీలో నాలుగే వచ్చాయి, ఎందుకంటే ఈ సర్టిఫికెట్లు ఎక్కువగా ప్రభుత్వం, పెద్ద కంపెనీలు ఇచ్చే పనుల కోసం తీసుకుంటారు. క్లినిక్, ఆఫీస్, షాపు, డేకేర్, గుడి, కమ్యూనిటీ హాల్ లాంటివైతే తప్పకుండా చూడండి. ఇంటి పనైతే కాలిఫోర్నియాలో అడ్వాన్స్ పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకన్నా ఎక్కువ తీసుకోవడానికి కాంట్రాక్టర్‌కి వీల్లేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి, ఇప్పుడు వెతుకుతున్నవాళ్ళకి. 2025 అక్టోబర్ 3 నుంచి డీబీఈ రూల్స్ మారాయి. ఫలానా జాతి అనో, స్త్రీ అనో ముందే అర్హత ఉన్నట్టు అనుకోవడం తీసేశారు, ఎవరికి వాళ్ళు తమకెదురైన ఇబ్బందులు రాసి ఇచ్చి నిరూపించుకోవాలి, ఇదివరకు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని కూడా మళ్ళీ పరిశీలిస్తున్నారు. డీబీఈ లిస్టుల్లో నిన్న ఉన్న పేరు ఇవాళ లేకపోతే ఆ కంపెనీ తప్పు చేసిందనుకోకండి. మా ఆర్కిటెక్ట్ కూడా ఇప్పుడు ఆ కాగితాలే రాస్తోంది, పగలు సైట్ల మీద తిరిగి రాత్రి తన ఇరవై ఏళ్ళ వృత్తి జీవితాన్ని పేజీల్లోకి ఎక్కిస్తోంది. మైనారిటీ కౌన్సిల్, మహిళల కౌన్సిల్ లాంటి ప్రైవేటు సంస్థల సర్టిఫికెట్లు ఈ రూలు కిందికి రావు.

మనవాళ్ళకి ఒక మాట. సివిల్ ఇంజనీర్లు, స్ట్రక్చరల్ ఇంజనీర్లు, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లు మనలో ఎంతమంది సొంత కంపెనీలు పెట్టుకుని ఉన్నారు, ఈ లిస్టుల్లో మాత్రం తెలుగు పేర్లు చాలా తక్కువ చూశాను. మనం మైనారిటీ కింద రామని చాలామంది అనుకుంటారు. మైనారిటీ కౌన్సిల్ దగ్గర భారతీయ మూలాలవాళ్ళకి అర్హత ఉంది, 1982లోనే స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కూడా మనవాళ్ళని అలా గుర్తించింది. డీబీఈకి సొంత ఆస్తి పరిమితి ఉంది, 2024లో అది 20 లక్షల 47 వేల డాలర్లు చేశారు, అందులో ఉంటున్న ఇంటి విలువా, ఆ కంపెనీలో మీ వాటా లెక్కలోకి రావు. రిజిస్టర్ అయినవాళ్ళు దయచేసి ఆ వివరణ పెట్టెలో నాలుగు వాక్యాలు రాయండి, "క్లినిక్‌లు చేశాం, షాపులు చేశాం" అని మామూలు మాటల్లో. నాలాంటివాళ్ళు అర్ధరాత్రి మాటలతోనే వెతుకుతారు.

వెతికేవాళ్ళు కూడా ఒకటి పాటించండి. ఇవి ఇద్దరు ముగ్గురు నడిపే ఆఫీసులు. ముందే వేరేవాళ్ళకి ఇద్దామని తీర్మానించుకుని, మూడు కొటేషన్లు కావాలి కదా అని వీళ్ళ చేత ఊరికే బిడ్ రాయించకండి. ఆ ఆరు పేజీలు రాయడానికి అతనికి రెండు రాత్రులు పట్టింది. జాగా చూడటానికి వచ్చినందుకు ఆర్కిటెక్ట్ ఫీజు అడిగితే ఇవ్వండి. పని రాని ఇద్దరికీ నేను ఫోన్ చేసి కారణం చెప్పాను, ఒకాయన "ఇలా ఎవరూ చెయ్యరు" అన్నాడు.

క్లినిక్ తెరిచి ఐదు నెలలవుతోంది. డైరెక్టరీ వాళ్ళకి ఐదు తప్పు ఈమెయిల్స్, ఆవిడ పాత ఫోన్ నంబర్ లిస్టు చేసి పంపాను, రెండు వారాలకి మూడు సరిచేశారు, అందులో ఆవిడది ఒకటి. పోయిన వారం పక్క షాపులో డెంటిస్ట్ వచ్చి, మా బాత్రూమ్ చూసి, ఇది ఎవరు చేశారని అడిగారు. పేరు చెప్పాను, అయినా ఆవిడ ఇప్పుడు బిజీగా ఉంది కాబట్టి 541310 కూడా ఒక కాగితం మీద రాసిచ్చాను.